ఇంకా ఏమీ కాని కణం

బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు పద్దులు చూసుకునేవాడికి ఈగ రక్తంతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ పని మా అమ్మాయి పెట్టింది. మాది హోసూరు. తను బెంగళూరులో జీవశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు, భోజనాల దగ్గర, "ఇంతకీ ఏమవుదామనుకుంటున్నావమ్మా?" అన్నాను. ఏడాదిగా అదే ప్రశ్న. ఈసారి జవాబుగా, పండిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగ సంగతి చెప్పింది.

ఆ ఈగ పురుగుదశలో ఉండగా దాని ఒంట్లో రక్తకణాలు తయారయ్యే గ్రంథి ఒకటుంటుంది. గ్రంథి అంచున ఉన్నవి పనిలో పడ్డ కణాలు: కొన్ని సూక్ష్మజీవుల్ని మింగుతాయి, కొన్ని గాయాన్ని మూస్తాయి. లోపలివి ఇంకా ఏమీ కానివి. అది సోమరితనం కాదు. పక్కనున్న కొద్దిపాటి కణాలు 'హెడ్జ్‌హాగ్' అనే ప్రొటీన్‌ను పంపి, "ఇప్పుడే వద్దు" అన్నట్టు వాటిని ఆపుతాయని లాస్ ఏంజిలిస్‌లో ఉత్పల్ బెనర్జీ బృందం 2007లో చూపింది. పనిలో పడ్డ కణాల నుంచి కూడా అలాంటి కబురే వెనక్కు వస్తుందని 2011లో తెలిసింది. ఒక జాతి చిన్న కందిరీగ ఆ పురుగు ఒంట్లో గుడ్డు పెట్టిందా, అప్పుడు ఆ నిల్వలోంచి పెద్ద బల్లపరుపు కణాలు పుట్టి గుడ్డును చుట్టేస్తాయి.

నిల్వ విలువ నాకు ఒకరు చెప్పనక్కరలేదు. డిపాజిట్లన్నీ అప్పులిచ్చేసిన బ్యాంకు ఎన్నాళ్లు నిలుస్తుంది? కాని ఆ వెనక్కు వచ్చే కబురు నాకు నిద్ర లేకుండా చేసింది.

మా నాన్నగారు పోయిన ఏడు నాకు ఇరవై రెండు. దొరికిన ఉద్యోగంలో చేరాను. తమ్ముడికి పద్నాలుగు. వాడు మాత్రం తనకు నచ్చిన చదువు తేల్చుకునేదాకా ఆగగలిగాడు. దాన్ని నా త్యాగంగా ఇన్నాళ్లూ లోలోపల జమ రాసుకున్నాను. కణానికి త్యాగం లేదు. కబురందింది, మారింది. నేనూ అంతేనా? అయితే ఆ జమ చెల్లదు. కాదు, తెలిసే చేశానంటే, నేను చేసిన మంచి ఒకరికి ఆగే వీలివ్వడమే కదా! తమ్ముడికిచ్చింది కూతురికివ్వడానికి చెయ్యి రాదేం?

ఈగను చూసి నీతి రాసుకోవడం తగదు. కణం ఎంచుకోదు, మనం ఎంచుకుంటాం. అందుకే బాధ్యత కూడా మనదే. ముందు పనిలో పడ్డవాడు వెనకున్నవారికి పంపవలసిన కబురు ఎప్పుడూ "త్వరపడు" అనేనా?

మర్నాడు బస్సెక్కుతూ తనే అంది: "నాన్నా, ఈసారి మళ్లీ అడగలేదేం?"

"కందిరీగ ఇంకా రాలేదు కదమ్మా," అన్నాను.