యంత్రం రాసిపెడుతుంటే మనిషి నేర్చుకోవడం ఎందుకు?



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చింది మొదలు కళాశాలల్లో సీట్లు నిండేదాకా మన భీమవరంలో ఏ ఇంట చూసినా ఒకటే చర్చ. ఈమధ్య ఆ చర్చలో ఒక కొత్త ప్రశ్న చేరింది. “ఫాదర్ గారూ, అమ్మాయిని కంప్యూటర్ సైన్సులో వేద్దామనుకుంటున్నామండి. ప్రోగ్రాములన్నీ ఇప్పుడు ఆ ఏఐయే రాసేస్తుందంట గదండీ! అప్పుచేసి చదివిస్తే ఏం లాభమంటారు?” అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పిల్లల ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: “అడిగిన క్షణంలో రాసిచ్చే యంత్రం ఉండగా మేము రాత్రింబవళ్ళు కూర్చుని నేర్చుకోవడం దేనికి?”

ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. అరెకరం పొలం తాకట్టు పెట్టి బిడ్డను చదివించే తండ్రికి ఇది జీవన్మరణ సమస్య. కనుక ముందు ఉన్నదున్నట్టు చూద్దాం.

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన కాలం నుంచి ఈ విద్య ఎన్నో తెలుగు కుటుంబాలకు పైకి వెళ్ళే మెట్టు అయింది. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెలతోనే గుర్తుపెట్టుకునేవి. 2000 సంవత్సరం వస్తే అవి తడబడతాయని భయపడి, వాటిని సరిదిద్దడానికి అమెరికా కంపెనీలు మన యువకులను పిలిచాయి. మన ఊళ్ళో 1980లో వెలసిన ఎస్.ఆర్.కె.ఆర్. వంటి ఇంజనీరింగ్ కళాశాలలు ఈ ఆశకు ఊతమిచ్చాయి.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. తమ సంస్థ ప్రోగ్రాములలో 20 నుంచి 30 శాతం దాకా యంత్రమే రాస్తున్నదని 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ అధిపతి, మన తెలుగువాడు సత్య నాదెళ్ల చెప్పారు. అదే ఏడాది జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. దానికి కారణం ఏఐ కాదని కంపెనీ పెద్దలు చెప్పినా ఇళ్ళల్లో భయం తగ్గలేదు. పట్టా చేతికొస్తే ఉద్యోగం దానంతటదే నడిచొస్తుందన్న భరోసా ఇక లేదు. ఈ మాట బిడ్డల దగ్గర దాచడం ధర్మం కాదు.

అయితే “ఏం లాభం?” అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ విద్య ఎంత జీతం తెస్తుంది అన్నది ఒకటి. ఈ విద్య నేర్చినవాణ్ణి ఎలాంటి మనిషిగా చేస్తుంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు బజారు చెబుతుంది. ఆ జవాబు ఏడాదికొకసారి మారుతుంది. రెండోదానికి జవాబు మనమే వెతుక్కోవాలి.

ఇల్లు కట్టడం వల్లనే మనిషి ఇల్లు కట్టేవాడవుతాడని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ బోధించాడు. పునీత తోమాసు అక్వినాసు వారు ఈ ఆలోచనను స్వీకరించి, సాధనతో మనలో స్థిరపడే గుణాలను గురించి విపులంగా రాశారు. 1981లో వెలువడిన ‘లబోరెమ్ ఎక్సెర్చెన్స్’ విశ్వలేఖలో జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు పనికి రెండు ముఖాలున్నాయని చూపించారు. పని వల్ల తయారయ్యే వస్తువు ఒకటి, పని చేసే మనిషి రెండోది. మనిషిదే పైచేయి అని వారి బోధ. యంత్రం వస్తువును తయారుచేసి ఇవ్వగలదు. మన బదులు అది నేర్చుకోలేదు. మన బదులు ఇంకొకరు అన్నం తింటే మన కడుపు నిండుతుందా?

“అలాగైతే ఏతం తొక్కడం కూడా నేర్పించాలి కదా!” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి పాత విద్యనూ మోసుకు తిరగాల్సిన అవసరం లేదు. రాత వస్తే జ్ఞాపకశక్తి నశిస్తుందని భయపడిన ఈజిప్టు రాజు కథను ప్లేటో తన గ్రంథంలో సోక్రటీసు చేత చెప్పించాడు. ఐనా రాత వచ్చింది, మనకు మేలే జరిగింది. మన చేలల్లో వరికోత యంత్రాలు దిగాయి. కూలి పోయినందుకు బాధపడినవారున్నారు, వారి బాధ నిజం. కానీ వంగి వంగి కోయడం పోయిందని ఎవరూ ఏడవలేదు.

ప్రోగ్రాము రాయడం కూడా అలా వదిలేయదగిన విద్యేనా? ఇక్కడ ఒక తేడా ఉంది. కోత యంత్రం చేను సరిగా కోసిందో లేదో గట్టు మీద నిలబడినవాడికి కనిపిస్తుంది. ప్రోగ్రాములో తప్పు కంటికి కనబడదు. పైగా ఈనాడు మన బ్యాంకు లెక్కలూ, పింఛన్లూ, రేషను బియ్యమూ అన్నీ ప్రోగ్రాముల మీదనే నడుస్తున్నాయి.

బ్రిటన్‌లో జరిగినది చూడండి. అక్కడి తపాలా శాఖ 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థను ప్రవేశపెట్టింది. అది చిన్న తపాలా కార్యాలయాల లెక్కల్లో లేని లోటును చూపించింది. నిర్వాహకులు “మేము పైసా తీయలేదు” అని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. యంత్రం అబద్ధమాడదని అందరి నమ్మకం. 2015 వరకు 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్ళారు, కొందరు ఇళ్ళు అమ్ముకున్నారు. ఆ వ్యవస్థలో దోషాలున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ 2024లో చట్టం వచ్చింది. అది మనుషులు రాసిన ప్రోగ్రామే. మరి రేపు ఏ మనిషీ చదవకుండానే యంత్రం రాసిన ప్రోగ్రాము ఒక పేదవాడి పింఛను ఆపేస్తే, “తప్పు వాడిది కాదు, దీనిది” అని వేలుపెట్టి చూపగలవాడు ఎవడు? చదవడం నేర్చినవాడే. యంత్రం బోనులో నిలబడి జవాబు చెప్పదు. దానికి మనస్సాక్షి లేదు, జవాబుదారీ మనిషిదే.

మన రొయ్యల రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. ఏరేటర్లను వాటంతటవే తిప్పే పరికరాలు ఇప్పుడున్నాయి, మంచిదే. కానీ పరికరం అంతా బాగుందని చూపిస్తున్నప్పుడు, నీటి పైకి తేలుతున్న రొయ్యలను చూసి ప్రమాదాన్ని పసిగట్టేది చెరువు తెలిసినవాడే. పని తెలియనివాడు యంత్రానికి యజమాని కాలేడు, దాని దయమీద బతుకుతాడు.

కాబట్టి నా జవాబు ఇది. ఆసక్తి ఉన్న బిడ్డ ఈ విద్యను తప్పక నేర్చుకోవాలి. అయితే నాలుగు ప్రోగ్రామింగ్ భాషల పేర్లు బట్టీపడితే చాలదు. దాని మూలమైన గణితాన్నీ, తర్కాన్నీ, తప్పు ఎక్కడుందో ఓపికగా వెదికే అలవాటునూ సంపాదించాలి. యంత్రం సాయం తీసుకోవడం పాపం కాదు. ముందు తాను చెమటోడ్చి, తరువాత దాన్ని అడిగితే అది మంచి తోడు. తనకు అర్థంకాని దాన్ని తనదని చెప్పి ఉపాధ్యాయుడికి ఇవ్వడం మాత్రం అబద్ధం. అందులో మోసపోయేది ఉపాధ్యాయుడి కంటే ముందు ఆ విద్యార్థే.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇరుగుపొరుగు పిల్లలు వెళ్ళారని ఆసక్తి లేని బిడ్డను ఈ దారిలో తోయకండి. నర్సు పనికీ, ఎలక్ట్రీషియన్ పనికీ, ఉపాధ్యాయ వృత్తికీ తక్కువ గౌరవం లేదు. కేవలం జీతం మీద ఆశతో ఉన్న పొలమంతా తాకట్టు పెట్టకండి.

చివరిగా యజమానులకూ, ప్రభుత్వాలకూ. కొత్తగా చేరేవారి చిన్న ఉద్యోగాలు తగ్గితే ముందుగా దెబ్బతినేది మొదటి తరం చదువుకున్న పేదింటి బిడ్డలే. 1891లో 13వ లియో పోపు గారు ‘రేరుం నొవారుం’ ద్వారా యంత్రయుగపు కార్మికుల పక్షాన మాట్లాడారు. 2025 మేలో 14వ లియో పోపు గారు తాము ఆ పేరు ఎంచుకోవడానికి కారణం వివరిస్తూ, ఏఐ తెస్తున్న మార్పునూ, శ్రమ గౌరవాన్నీ ప్రస్తావించారు. నేర్చుకోవడం బిడ్డల బాధ్యత. నేర్చుకున్నవారికి చోటు కల్పించడం పెద్దల బాధ్యత.

బిడ్డలారా, ఇకమీదట “ఈ పని యంత్రం చేయగలదా?” అని మాత్రమే అడిగి ఆగిపోకండి. “ఇది నేర్చుకుంటే నేను ఎవరి పక్షాన నిలబడగలను?” అని కూడా అడగండి.