జవాబు వచ్చింది, అర్థమైందా?



మత్తయి సువార్త 2వ అధ్యాయములో ఒక పరీక్ష జరిగింది. క్రీస్తు ఎక్కడ పుట్టాలని హేరోదు రాజు ప్రధానయాజకులను, శాస్త్రులను అడిగాడు. వారు తడుముకోకుండా బేత్లెహేమని చెప్పారు, మీకా ప్రవచనమును కూడా అప్పజెప్పారు. నూటికి నూరు మార్కులు! యెరూషలేము నుండి బేత్లెహేము కొన్ని గంటల నడక మాత్రమే. అయినా వారిలో ఒక్కరు చెప్పులు తొడుక్కున్నట్టు మత్తయి వ్రాయలేదు. ఊరి పేరు తెలియక అడిగిన పరదేశులే బయలుదేరి వెళ్లారు.

మన వేలూరు, గుడియాత్తం సంఘాలలో నర్సింగు చదివి, విదేశాలలో ఉద్యోగము కొరకు లైసెన్సు పరీక్షలకు కూర్చునే పిల్లలున్నారు. వారి కొరకు ప్రార్థన చీటీలు వస్తాయి, సంతోషముగా ప్రార్థిస్తాము. అయితే కొందరి చేతిలో పుస్తకమునకు బదులు జవాబుల కట్ట కనబడుతుంది. ప్రశ్న, దాని క్రింద ‘బి’. ఎందుకమ్మా ‘బి’ అని అడిగితే, “కీలో అలాగే ఉంది తాతగారూ” అంటారు.

అమెరికా నర్సుల ఎన్‌క్లెక్స్ పరీక్షలో 2023 ఏప్రిల్ నుండి ఒక రోగి సంగతి వివరముగా ఇచ్చి, వీటిలో ఏ లక్షణము ముఖ్యము, ముందు ఏమి చేస్తావు, చేసిన తరువాత రోగి తేరుకున్నదని ఎలా తెలుసుకుంటావు అని వరుసగా అడిగే ప్రశ్నలు చేర్చారు. బట్టీపట్టిన వారికి ఇది కష్టమే. ఆ కష్టము మంచిదే అంటాము. రేపు ఆ మంచము మీద పడుకునేది ఎవరో ఒకరి తల్లి. రాత్రి రెండు గంటలకు ఆమెకు ఊపిరి అందకపోతే, నాలుగు జవాబులు చూపి ఒకటి ఎంచుకొమ్మని అడిగేవారు అక్కడ ఉండరు.

ఈ సంగతి మన రాయవేలూరుకు కొత్త కాదు. 1918లో డాక్టరు ఐడా స్కడ్డర్ ఇక్కడ స్త్రీల కొరకు వైద్య పాఠశాల ఆరంభించారు. అప్పటి చదువు ఎల్.ఎం.పి., అనగా వైద్యము చేయుటకు లైసెన్సు ఇచ్చే చదువు. పరీక్ష పెట్టేది ఆమె కాదు, మద్రాసు ప్రభుత్వము. పురుషుల పాఠశాలలలో ఎక్కువమంది తప్పిన ఆ మొదటి సంవత్సరపు పరీక్షలో ఈ ఆడపిల్లలందరూ ఉత్తీర్ణులయ్యారు. 1922లో 14 మంది పట్టా పుచ్చుకున్నారు. పుస్తకాలు, పరికరాలు సమృద్ధిగా ఉన్నందున కాదు. చాలా కొద్దిగానే ఉండేవి. అయితే వారి చదువు గదిలోనే ఆగిపోలేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దములోనే ఐడా గారు గుడియాత్తం దారిలో చెట్ల క్రింద ఆగి, పుండ్లు కట్టి, మందులిచ్చే పని మొదలుపెట్టారు. తరువాత విద్యార్థినులు కూడా ఆమె వెంట ఆ దారిని వెళ్లారు. చెట్టు క్రింద కూర్చున్న రోగి పుస్తకములోని వరుస ప్రకారము తన బాధ చెప్పడు. కడుపు నొప్పి అని వచ్చినవాడు సగము మాట మ్రింగుతాడు. అడిగి, తాకి చూచి, మళ్లీ అడిగి తెలుసుకోవాలి. ఆ దారి వారికి రెండవ తరగతి గది అయింది.

కంఠతా పట్టడము తప్పని మేము అనము. ఎక్కాలు రానివానికి లెక్క రాదు, మందు మోతాదు గుర్తులేని నర్సును ఎవరూ కోరరు. వాక్యమును హృదయములో దాచుకొనుమనే కదా కీర్తనకారుడు నేర్పాడు. లూకా 10లో ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువు అడిగినదానికి చక్కగా అప్పజెప్పాడు. ప్రభువు సరిగా చెప్పితివని మెచ్చుకొని, ఆలాగు చేయుమన్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. నా పొరుగువాడెవడు అని ఆయన అడిగాడు. పాఠము వచ్చినవానికి అందులోని మాట ఒకటి అర్థము కాలేదు. అప్పుడు ప్రభువు మళ్లీ అదే వాక్యము వల్లించమనలేదు, యెరికో దారిలో పడియున్న మనుష్యుని చూపాడు. అక్కడ గాయములు కట్టినవాడు సమరయుడు.

మా ట్రెయినింగులో మొదట నేర్పినది, తెలిసినదాని నుండి తెలియనిదానికి పొమ్మని. ఇప్పుడు మన ఆదివారపు బడి చూడండి. పిల్లలు బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుతారు. తెలుగు వాక్యమును తమిళ అక్షరాలలో వ్రాసుకొని కంఠతా పడతారు. ఆ లిపిలో ‘క’కు, ‘గ’కు ఒకటే అక్షరము. అయినా గడగడ చెప్తారు, మనము చప్పట్లు కొడతాము. నీతిమంతుడు అంటే ఎవరు బాబూ అని ఒక పిల్లవానిని అడిగితే, “కోర్టులో జడ్జిగారు” అన్నాడు. అందరు నవ్వారు. తమిళములో కోర్టును నీతిమన్రము అంటారు కదా, వాడు తెలిసినదాని నుండే వచ్చాడు! ఆ గదిలో ఆలోచించినవాడు వాడొక్కడే. అక్కడ నుండి రోమా పత్రికకు ఎంత దూరము?

నెహెమ్యా 8లో చెర నుండి తిరిగి వచ్చిన జనులకు ఎజ్రా ఉదయము నుండి మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివాడు. లేవీయులు జనులకు అర్థము తెలియజెప్పారు. గ్రహించిన తరువాతనే జనులు ఏడ్చారు, తరువాత సంతోషించారు.

మనము బాప్తిస్టులము. శిశువులకు బాప్తిస్మము ఇవ్వకపోవడమునకు మనము చెప్పే కారణమే, తెలిసి నమ్మినవారు ఒప్పుకోవాలని. అటువంటి మనము పన్నెండేళ్ల పిల్లచేత అచ్చువేసిన ప్రశ్నలకు అచ్చువేసిన జవాబులు చెప్పించుకొని నీళ్లలోనికి దింపితే, ఆ పిల్లకు ఏమి ఇచ్చినట్టు? రేపు పరాయి దేశములో రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ కాగితము ఆమెతో రాదు.

కనుక రాబోయే బాప్తిస్మపు తరగతిలో పెద్దలు ఆ ప్రశ్నల కాగితమును కొంతసేపు ప్రక్కన పెట్టాలని కోరుచున్నాము. పిల్లలనే మనలను అడగనిద్దాము. తమిళములో అడిగినా విందాము. మనకు తెలియనిది వస్తే, వచ్చే వారము చూచి చెప్తామందాము.