బాకీ ఎవరికి?

హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడిన మనుషుల్ని చూసి ఎవరు ఎటు పోతున్నారో చెప్పలేం. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులన్నీ అక్కడే కలుస్తాయి. ఆ రోజు మా పెదనాన్న కూతురు చేతిలో ప్లాస్టిక్ కవరు చూశాకే, అక్క కోర్టుకి వెళ్తోందని అర్థమయింది. అందులో ఏముంటాయో నాకు తెలుసు. పాప స్కూలు ఫీజు రశీదులు, బ్యాంకు పాసుబుక్కు, మనోవర్తి ఆర్డరు నకలు.

"ఆర్డరు వచ్చిందిగా అక్కా, మళ్లీ ఎందుకు?" అన్నాను.

"ఆర్డరు వచ్చింది. డబ్బులు రాలేదు" అంది. కాసేపాగి, "నాకైతే ఎప్పుడో వదిలేద్దామనిపించిందే. ఛీ, వాడి డబ్బు మనకెందుకు అనిపిస్తది. కానీ అది దానిది కదా, నేనెట్లా వదిలేస్తాను?" అంది. "అది" అంటే తొమ్మిదేళ్ల పాప.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే, భర్త డబ్బు తిరగ్గొట్టి తన కాళ్ల మీద తను నిలబడే స్త్రీని మనం ఎంతో ఇష్టంగా రాశాం, చదివాం. ఆ ఆత్మాభిమానం విలువ నాకు తెలుసు. అయితే అక్క అడిగింది వేరే ప్రశ్న. తన వాటా కాదనుకునే హక్కు తల్లికి ఉంటుంది. బిడ్డ వాటా కాదనే హక్కు ఆమెకి ఎక్కడిది?

మన డెల్టాలో పొలం సంగతి అందరికీ తెలుసు. మైనరు బిడ్డకి సొంతంగా అరెకరం ఉంటే, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం కోర్టు అనుమతి లేకుండా తల్లి గానీ తండ్రి గానీ దాన్ని అమ్మడానికి లేదు. బిడ్డ భూమికి అంత కాపలా పెట్టిన సమాజం, అదే బిడ్డ అన్నం దగ్గరికొచ్చేసరికి "పోనీలే అమ్మా, పంతాలెందుకు" అని తల్లికి సలహా చెబుతుంది. అసలు మనోవర్తి అనగానే మన కళ్ల ముందు మెదిలేది భార్యే. పిల్లల వాటాకి వాడుకలో విడిగా ఒక పేరు కూడా లేదు. అందుకే అది ఎప్పుడూ మొగుడూ పెళ్లాల తగువుగానే మిగిలిపోతుంది.

చట్టం మాత్రం అలా అనలేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. రెండింటిలోనూ బిడ్డ హక్కు విడిగానే ఉంది. తల్లిదండ్రులకి పెళ్లి జరిగిందా లేదా అన్నదానితో కూడా పని లేదు. కేంద్ర చట్టంలో ఉన్న నెలకి 500 రూపాయల పరిమితిని 2001లో తీసేశారు. 2020లో రజనీష్ - నేహ కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తిని అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలనీ, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలనీ అంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకీ పిల్లలకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది.

మరి అక్క మళ్లీ మళ్లీ బస్సెందుకు ఎక్కుతోంది? ఆర్డరు ఇచ్చేది కోర్టు. అమలు కోసం తిరగాల్సింది తల్లి. డబ్బు రాకపోతే మళ్లీ అర్జీ పెట్టాలి. బాకీ పడ్డ ఏడాదిలోగా పెట్టకపోతే ఆ మొత్తానికి వారెంటు పుట్టదు. కరెంటు బిల్లు కట్టకపోతే వసూలుకి ఒక వ్యవస్థ ఉంది. బ్యాంకు అప్పుకీ ఉంది. బిడ్డ బాకీకి మాత్రం వసూలుదారు తల్లే. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని, "డబ్బు మనిషి" అన్న పేరు కూడా మోస్తూ తిరగాలి.

ఇవ్వనివాణ్ణి నెల బాకీకి నెల దాకా జైల్లో పెట్టొచ్చు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరిపోదని 1988లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మంచి మాటే. కానీ లోపలున్న నెలలో అతనికి సంపాదన ఉండదు. "నాన్నని జైల్లో పెట్టించింది మీ అమ్మే" అన్న మాట మాత్రం బడిలో పాప చెవినే పడుతుంది.

మన పిల్లలు ఎక్కువగా వెళ్లే అమెరికాలో, 1975 చట్టంతో ప్రతి రాష్ట్రం ఇందుకోసం ఒక వ్యవస్థ నడుపుతోంది. తండ్రి జీతంలోంచి యజమానే కోసి పంపుతాడు. బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఆపేస్తారు. అలాగని అదేమీ స్వర్గం కాదు. తల్లి ప్రభుత్వ నగదు సాయం తీసుకుంటే ఆ వసూలు హక్కుని రాష్ట్రానికి రాసివ్వాలి. చాలా రాష్ట్రాలు వసూలైన దాంట్లో చాలా భాగాన్ని తమ ఖర్చు కింద జమ కట్టుకుంటాయి. పేదతల్లి బిడ్డకి తండ్రి డబ్బు అందకుండా దారిలోనే ఆగిపోతుంది. రాజ్యం మీద మన అనుమానం ఊరికే పుట్టలేదు.

అయినా ఆ అనుమానం వల్ల, వసూలు బరువు తల్లి నెత్తినే ఉండిపోవాలని నేను అనుకోలేను. జీతంలోంచి నేరుగా ఇప్పించే వీలు మనకీ ఉంది. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు యజమానినే ఆదేశించవచ్చు. మరి తండ్రి కౌలురైతో లారీ డ్రైవరో అయితే? కోయడానికి జీతమేది? జర్మనీలో 1980 నుంచీ, తండ్రి ఇవ్వకపోతే ప్రభుత్వమే ముందు బిడ్డకిచ్చి, తర్వాత అతని దగ్గర రాబట్టుకునే పద్ధతి ఉంది. నాకు న్యాయంగా తోచేది అదే. ఆకలి వాయిదాలకి ఆగదు. రాబట్టుకునే ఓపిక, బలం ఉన్నది ప్రభుత్వానికి.

ఇలా వచ్చే డబ్బు తండ్రితనం కాదని నాకు తెలుసు. ప్రేమని ఏ కోర్టూ జప్తు చేసి తేలేదు. ఆ లోటు లోటే. కానీ ప్రేమ లేదు కాబట్టి అన్నమూ వద్దనుకోమని బిడ్డకి చెప్పలేం కదా.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. వాయిదా పడిందట. పాప పక్కనే ఉండి అడుగుతోంది, "నాన్న నీకు డబ్బులిచ్చాడా?" అని.

"నాక్కాదే, నీకు" అంది అక్క. "నీకివ్వాలి."