ముందే చెప్పిన మోసం

మా నాయనమ్మ గొలుసు పోయిన ఏడాది నేను ఆరో తరగతి. బంగారానికి మెరుగు పెడతామంటూ ఓ మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ముందు ఇత్తడి చెంబు తోమి తళతళలాడించారు. తర్వాత గొలుసుని పసుపు నీళ్ళ గిన్నెలో వేసి, మూత పెట్టి, చల్లారేదాకా తియ్యొద్దని చెప్పి వెళ్ళిపోయారు. మూత తీస్తే అడుగున గులకరాళ్ళు.

దొంగల్ని తిట్టింది తక్కువ. నాయనమ్మని అన్నది ఎక్కువ. "ఇంత వయసొచ్చి ఎలా నమ్మావే" అని నాన్న, అత్తలు, ఆఖరికి పక్కింటివాళ్ళు కూడా. చుట్టాలొచ్చినప్పుడల్లా అదో నవ్వుకునే కథ. నేనూ నవ్వాను.

కొన్ని నెలలకి మా స్కూల్లో మ్యాజిక్ షో పెట్టారు. మెజీషియన్ "ఎవరైనా ఉంగరం ఇస్తారా" అని అడిగాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. మా నాయనమ్మ లేచింది. వేలికున్న ఒక్కగానొక్క ఉంగరం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని మాయం చేసి, కాసేపు ఏడిపించి, చివరికి నిమ్మకాయ కోసి అందులోంచి తీసిచ్చాడు. ఇంటికొస్తూ అడిగాను, భయం వెయ్యలేదా అని.

"ఎందుకురా? ఈయన మోసం చేస్తానని ముందే చెప్పాడుగా" అంది.

చేతివాటం రెండుచోట్లా ఒకటే. మన చూపుని ఒకవైపు తిప్పి, పని ఇంకోవైపు కానివ్వడం. మరి ఒకటి కళ, ఇంకోటి నేరం ఎందుకయ్యాయి?

శంకరాచార్యులు బ్రహ్మసూత్రాల భాష్యంలో ఒక గారడీవాణ్ణి ఉదాహరణగా తెస్తారు. కత్తీ డాలూ పట్టుకుని తాడు మీదుగా ఆకాశంలోకి ఎక్కుతున్నట్టు కనిపించేవాడు ఒకడు. నేల మీద నిలబడి ఆ మాయని నడిపే అసలువాడు వేరు. ఆయన చెప్తున్నది వేదాంతం. నేను దాన్ని మామూలు మంచిచెడ్డల్లోకి దించుకుంటున్నాను. మ్యాజిక్ షోలో మన కంటికి కనిపించేది ఎక్కేవాడే. కానీ నేల మీద ఇంకొకడు ఉన్నాడని మనకి తెలుసు. మనకి తెలుసని వాడికీ తెలుసు. మెరుగు పెట్టేవాడు మాత్రం నేల మీద ఎవరూ లేరని నమ్మిస్తాడు.

ఇంతవరకూ సులువే. ఇదే మనిషి, ఇదే ఐటమ్, ఒక ఊళ్ళో కళగా ఉండి ఇంకో ఊళ్ళో ఇంకేదో అయిపోతే?

ఆధునిక స్టేజ్ మ్యాజిక్‌కి పితామహుడిగా చెప్పుకునే రాబేర్-ఊదాఁ 1805లో ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణంలో, గడియారాలు చేసే ఇంట్లో పుట్టాడు. హుడినీ తన రంగస్థలం పేరుని ఈయన పేరులోంచే తీసుకున్నాడు. 1845లో పారిస్‌లో సొంత థియేటర్ తెరిచాడు. ఆయన చేసే వింతల్లో ఒక చిన్న పెట్టె ఉండేది. చిన్నపిల్లాడు కూడా ఎత్తగలడు. మరుక్షణం ఎంత బలమైనవాడైనా కదపలేడు. స్టేజి కింద విద్యుదయస్కాంతం ఉండేది. అప్పటి ప్రేక్షకులకి దాని సంగతి తెలియదు.

1856లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన్ని అల్జీరియా పంపింది. 1830లో దండెత్తి ఆక్రమించుకుంటూ వచ్చిన దేశం అది. మరాబూలనే మతగురువులు మహిమలు చూపించి జనాన్ని తిరుగుబాటుకి రెచ్చగొడుతున్నారని అధికారుల బెంగ. వాళ్ళ మహిమ కంటే ఫ్రెంచివాడి మహిమ పెద్దదని చూపించాలి. తెగల పెద్దల్ని అల్జీర్స్ థియేటర్‌కి పిలిపించారు. రాబేర్-ఊదాఁ ఒక బలశాలిని స్టేజి మీదకి రమ్మని, నీ బలం తీసేస్తున్నానన్నాడు. ఆ మనిషి పెట్టెని ఎత్తబోయాడు, కదల్లేదు. పైగా పిడిలోంచి కరెంటు షాక్. అరిచి, మోకాళ్ళ మీద పడి, హాల్లోంచి పారిపోయాడట.

పారిస్‌లో పెట్టె బరువెక్కింది. అల్జీర్స్‌లో మనిషి బలం పోయింది. అయస్కాంతం మాత్రం అదే.

ఆ తర్వాత ఇదంతా నేర్పుతో చేసిందే, మంత్రం కాదని దుబాసీల చేత చెప్పించారని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అంటే చెప్పారు కదా, ఇంకేం? ఇక్కడే నాయనమ్మ మాటలోని "ముందే" నాకు అడ్డం పడుతుంది. ఆ కుర్రాళ్ళు వారం తర్వాత తిరిగొచ్చి, తమాషాకి చేశామమ్మా అని గొలుసు ఇచ్చేసినా, ఆ వారమంతా ఆవిడ పడ్డ సిగ్గు ఎవరు తిరిగిస్తారు? అల్జీర్స్ హాల్లో కూర్చున్నవాళ్ళు టికెట్ కొనుక్కుని అబ్బురపడటానికి వచ్చినవాళ్ళు కారు. తమని ఏలుతున్న ప్రభుత్వం పిలిస్తే వచ్చారు. వాళ్ళని భయపెట్టడమే ఆ షో ఉద్దేశం.

రహస్యం విప్పడం కూడా ఒక్కోసారి ధర్మమే అవుతుంది. 1584లో రెజినాల్డ్ స్కాట్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి, మంత్రగత్తెలన్న ముద్ర వేసి ఆడవాళ్ళని చంపడం తప్పని వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. అందులో నాణెం ఎలా మాయమవుతుందో, తెగిన తల పళ్ళెంలో ఎలా కనిపిస్తుందో వివరించాడు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనకి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. స్కాట్ చేసిన పని పాతబడలేదు.

ఇప్పుడు బ్లువాలో కోట ఎదురుగా మ్యాజిక్ మ్యూజియం ఉంది. కిటికీల్లోంచి బంగారు రంగు డ్రాగన్ తలలు బయటికొచ్చి జనాన్ని పలకరిస్తాయి. అలాంటి చోట ఎవరైనా స్టేజ్ మ్యాజిక్ చరిత్ర మీద వరసగా ఉపన్యాసాలిస్తే ఒక చిక్కు వస్తుంది. దాచిన వస్తువుని చూపించడం మ్యూజియం పని. కిటుకు దాచడం మెజీషియన్ నియమం. ఎంతవరకు చెప్పాలి?

నాకైతే ఇందులో రెండు రహస్యాలు కనిపిస్తాయి. అయస్కాంతం ఎక్కడుందన్నది మొదటిది. అది చెప్పకపోయినా నష్టం లేదు, రేపటి ప్రేక్షకుడి ఆశ్చర్యం వాడికి మిగులుతుంది. ఎవరు ఎవర్ని, ఎందుకు కూర్చోబెట్టి ఆ పెట్టె చూపించారన్నది రెండోది. దీన్ని దాచిన ఉపన్యాసం కూడా ఒక కనికట్టే.

ఇంకోటి కూడా ఉంది. ఈ కథ చెప్పినప్పుడు పారిపోయిన మనిషి దగ్గర శ్రోతలు నవ్వుతారు. కరెంటు తెలియని అమాయకుడు కదా. కానీ కథ చెప్తున్నది రాబేర్-ఊదాఁ. ఆ బలశాలి వైపు కథ మన చేతిలో లేదు. పారిస్ జనానికీ ఆ కిటుకు తెలియదు, వాళ్ళని చూసి మాత్రం ఎవరూ నవ్వరు.

మా ఇంట్లో గొలుసు కథ చెప్పుకుని నవ్వేటప్పుడు నాయనమ్మ కూడా మాతో పాటు నవ్వేది. స్కూల్ హాల్లో అందరికంటే ముందు లేచి ఉంగరం ఎందుకిచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఎవర్ని నమ్మాలో తనకి తెలుసని ఆవిడ అంతమంది ముందు చెప్పింది. హాల్లో ఉన్న మేమే ఆ మాట వినలేదు.