శిక్ష ఎప్పుడు ముగుస్తుంది?

జైలు మనిషిని మార్చగలదా? ఈ ప్రశ్న అడిగేవారు జైలు లోపలికే చూస్తారు. గేటు బయట ఏమున్నదో విచారించరు.

కరీంనగరంలో జైళ్ళ శాఖవారి పెట్రోలు బంకు ఉన్నది. శాఖ నడిపే ఇటువంటి బంకుల్లో ఖైదీలకూ, విడుదలైనవారికీ పని ఇస్తున్నారు. ఒకనాడు అక్కడ చిల్లర తీసుకొని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. పైసా తగ్గలేదు, తగ్గినది నా అభ్యుదయమే.

నార్వేలో విడుదలైన రెండేళ్ళలోపల మళ్ళీ శిక్షపడేవారు నూటికి సుమారు 20 మంది. ఇందుకు అక్కడి జైళ్ళ తీరొక్కటే కారణమనుకోలేము. బయటికి వచ్చినవాడికి ఇల్లూ, చదువూ, పనీ సమకూర్చడం తన బాధ్యతేనని అక్కడి ప్రభుత్వం అంగీకరించింది.

మరి ఇక్కడ? 2022 చివరినాటికి దేశంలోని ఖైదీల్లో నూటికి సుమారు 76 మంది విచారణ ఖైదీలే. నేరమే రుజువు కానివాడికి పరివర్తన ఏమని నేర్పుతాము? అయినా ఆదిలాబాదులో అతడు పనికోసం ఎవరి గడప తొక్కినా, "జైలుకు పోయొచ్చిండట" అన్న ఒక్క మాటకు తలుపు మూసుకుంటుంది. ఏ న్యాయస్థానమూ విధించని యావజ్జీవ శిక్ష ఇది, విధించేది మనమే.

జైలులో పని నేర్పడం అవసరమే. కాని నేర్చిన చేతికి పని ఇవ్వని సమాజానికి, వాడు మళ్ళీ తప్పుచేసిననాడు వాడి స్వభావాన్ని మాత్రమే నిందించే హక్కు లేదు. ఆ సమాజంలో చిల్లర లెక్కపెట్టిన నేనూ ఉన్నాను.