పంచకాలములు – నేటి గృహస్థు

తెల్లవారుజామున సుప్రభాతముతో మొదలైన శ్రీవేంకటేశ్వరస్వామివారి దినచర్య తోమాలసేవ, కొలువు, అర్చన, నివేదనములతో సాగి రాత్రి ఏకాంతసేవతో ముగియును. ధనుర్మాసమున సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినబడును. పర్వదినములందు కొన్ని సేవలు తగ్గును, కొన్ని హెచ్చును. ఎంతటి జనసమ్మర్దమున్నను ఆరాధనక్రమము మాత్రము తొట్రుపడదు. తొందర యంతయు క్యూలలోనిదే గాని గర్భాలయములోనిది కాదు.

ఆ సన్నిధిలో క్షణకాలము నిలిచిన యాత్రికునకు సైతము ఆ నెమ్మది కొంత అబ్బును. కొండ దిగునప్పుడు అతని ముఖము తేటగా నుండును. ఇల్లు చేరి వారము తిరుగకమున్నే ఆ తేటదనము మాయమగుచున్నది. బస్సు అందునో అందదో, పిల్లల ఫీజునకు దారి యేదో, పైయధికారి యేమనునో, ఫోను మ్రోగినచో ఎవరి కేమి వచ్చిపడినదో అని మనస్సు గాలికి దీపమువలె కొట్టుకొనుచుండును. సంసారమున నున్నవానికి నిలకడ యెక్కడిది, అది సన్న్యాసుల సొత్తు గదా అని అతడు తనకు తానే సమాధానము చెప్పుకొనును.

ఈ సమాధానము పెద్దలు అంగీకరించినది కాదు. ఆలయమున స్వామికి వేళలు నియమించినట్లే, ఇంట భక్తునకును వేళలు నియమింపబడినవి. తిరుమలలో ఆరాధనము వైఖానసాగమము ననుసరించి జరుగును. తిరుచానూరున పద్మావతీ అమ్మవారి ఆలయమున పాంచరాత్రము అనుసరింపబడును. ఆ పాంచరాత్ర సంహితలు భాగవతుని దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని ఐదు కాలములుగా విభజించినవి. భగవద్రామానుజులు నిత్యగ్రంథమున గృహారాధన విధిని అనుగ్రహించిరి. వేదాంతదేశికులు శ్రీపాంచరాత్రరక్షలో ఈ నిత్యానుష్ఠానమును సప్రమాణముగా స్థాపించిరి. ఈ దేశికులు సన్న్యాసులు కారు, భార్యాపుత్రులతో జీవించిన గృహస్థులు.

ఉదయమున స్నానసంధ్యాదులు ముగించి భగవంతుని సన్నిధికి చేరి, ఈ దినమంతయు నీది, నేనును నీవాడనే అని విన్నవించుకొనుట అభిగమనము. పూజాద్రవ్యములను ధర్మమార్గమున సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నమున ఆరాధించుట ఇజ్య. పిమ్మట శాస్త్రములను, ప్రబంధములను, భాగవతుల చరిత్రలను పఠించుట, వినుట స్వాధ్యాయము. రాత్రి స్వామి పాదములందు మనస్సు నిలిపి నిద్రించుట యోగము.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఈ ఐదింటిలో దేవునికి కొంత, ఇంటికి కొంత అను పంపకము లేదు. నేటి గృహస్థుని బడలికకు మూలమీ పంపకమే. అరగంట దేవునిది, తక్కిన దినము తనది అని పద్దు వ్రాసికొన్నవాడు, ఆ అరగంటలో ఆఫీసును, ఆఫీసులో ఆ అరగంటను తలచుచుండును. పూజ సాగుచుండగా కాఫీ ఆలస్యమైనదని ఇల్లాలిపై కేకలువేయు పెద్దమనుషులు లేకపోలేదు. వారి పూజ ఎంతసేపు జరిగినను అభిగమనము మాత్రము జరుగలేదనియే చెప్పవలెను.

ఉపాదానమును గూర్చి కొంత విస్తరించి చెప్పుట అవసరము. పూలు కోయుట, తులసి తెచ్చుట, నీరు తోడుట మాత్రమే ఉపాదానమని పలువురి తలంపు. ఆ పూలు కొన్న పైక మెక్కడిది? నైవేద్యమునకు బియ్యము ఎట్లు వచ్చినవి? పొలము దున్నుట, దుకాణము తెఱచుట, ఆఫీసులో ఫైలు చూచుట, బడిలో పాఠము చెప్పుట, ఇవి యన్నియు స్వామి నైవేద్యమునకు బియ్యము తెచ్చు మార్గములే. అట్లు తలచినవానికి ఉద్యోగము భగవంతునినుండి తన్ను దూరముచేయు శత్రువుగా తోచదు. అయితే ఆ తలంపుతో ఒక కట్టుబాటు కూడ వచ్చును. తప్పుడు తూకముతో వచ్చిన రూపాయి, లంచముగా వచ్చిన రూపాయి ఆ పళ్లెరములోనికి చేరగూడదు. వేదాంతదేశికులు ఉంఛవృత్తితో జీవించిరి. వారి పేదఱికమును చూడలేక యెవరో భిక్షాతండులములలో బంగారుగింజలు కలిపిరనియు, ఇంట భార్య ఇవి యేమని యడుగగా, పురుగులేమో యని వారు దర్భకొనతో వానిని ఏరి పాఱవేసిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆనాడు ఆ ఇంట సమయమునకు కొఱత లేకున్నను ద్రవ్యమునకు కొఱత యుండెను. అయినను నిలకడ చెడలేదు. నేడు పెక్కు ఇండ్లలో ద్రవ్యమున్నది, సమయము లేదు. చాలదను బాధ మాత్రము ఒక్కటే.

ఇజ్యకు మధ్యాహ్నమున ఇంట నుండగలవారు నేడు తక్కువ. పెక్కు ఇండ్లలో ఆరాధనము ఉదయముననే ముగియుచున్నది. అయినను ఇజ్యలో అనుయాగమను భాగ మొకటి కలదు. నివేదించిన అన్నమును, లోపలనున్న అంతర్యామికి ఆహుతిగా భావించి భుజించుటయే అది. క్యారేజీ విప్పి, పదినిమిషములు మాటలు మాని, ఫోను ప్రక్కనపెట్టి భుజించువాడు ఆఫీసు బల్లవద్దనే ఆ అంగమును నిర్వర్తించుచున్నాడు. గీతాచార్యుడు ఆఱవ అధ్యాయమున ధ్యానయోగమును బోధించుచు 16, 17 శ్లోకములలో ప్రస్తావించినది గొప్ప విషయములను గాదు. తిండి, నిద్ర, నడక, పని, ఇవియే అచ్చట చెప్పబడినవి. మిక్కిలి తినువానికిని, బొత్తిగా తిననివానికిని, మిక్కిలి నిద్రించువానికిని, మేల్కొనియే యుండువానికిని యోగము కుదురదని స్వామి తాత్పర్యము. రాత్రి రెండుజాముల వఱకు తెర చూచుచు కూర్చుండి, ఉదయమున మనస్సు నిలువలేదని దుఃఖించుట వ్యర్థము.

స్వాధ్యాయమునకు గంటలు అక్కఱలేదు. బస్సులోనో రైలులోనో విష్ణుసహస్రనామములు చదువుకొనువారు మన ఊళ్లలో ఎందఱో కలరు. గృహిణికి వేఱుగా చెప్పవలసిన పనియే లేదు. ముంగిట ముగ్గుతో ఆమె అభిగమనమును, పొయ్యివద్ద ఉపాదానమును అప్పటికే చేయుచున్నది. ఆమెకు కావలసినది ఉపదేశము కాదు, కూర్చుండి ఒక పుట చదువుకొనుటకు ఇంటివారు విడిచిపెట్టు అరగంట.

ఇంతవఱకును సులభమే. రెండు ధర్మములు ఒకే ఘడియలో ఎదురెదురుగా నిలిచినప్పుడే నిలకడకు పరీక్ష. భాగవతము నవమస్కంధములోని అంబరీషుని కథ ఇట్టి పరీక్షయే.

నాభాగుని కుమారుడైన అంబరీషుడు సప్తద్వీపములనేలిన చక్రవర్తి. అంతటి రాజ్యభారము గలవాడు తన చేతులతో హరిమందిరమును శుభ్రపఱచెడివాడు. అతని చెవులు అచ్యుతుని కథలకు, కన్నులు ఆలయదర్శనమునకు, పాదములు క్షేత్రయాత్రకు అంకితములైయుండెను. భార్యతో గూడి ఒక సంవత్సరము ద్వాదశీవ్రతము పట్టి, కార్తికమున మూడురాత్రు లుపవసించి, యమునలో స్నానముచేసి, మధువనమున హరిని అర్చించెను. విప్రులకు అన్నముపెట్టి తాను పారణకు సిద్ధపడుచుండగా దుర్వాసమహర్షి అతిథియై వచ్చెను. రాజు భోజనమునకు ప్రార్థించెను. ఋషి సమ్మతించి స్నానమునకు యమున కేగెను. ఎంతకును రాలేదు.

ద్వాదశి అర్ధముహూర్తము, అనగా ఒక్క ఘడియ, నేటి లెక్కకు ఇరువదినాలుగు నిమిషములు మాత్రమే మిగిలెను. ద్వాదశి దాటినచో వ్రతభంగము. అతిథికంటె ముందుగా భుజించినచో అతిథిధర్మభంగము. రాజు కంగారుపడలేదు, తనకు తోచినట్లు చేయనులేదు. విప్రుల నడిగెను. నీరు త్రాగుట భుజించినట్లును, భుజింపనట్లును అగునని నిర్ణయమైనది. అచ్యుతుని స్మరించి నీరుమాత్రము త్రాగి, మరల ఋషికొఱకు ఎదురుచూచుచు కూర్చుండెను.

పిల్లవానికి జ్వరము వచ్చిన దినమున, వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి గొనిపోవలసిన దినమున, పంటకు నీరు పెట్టవలసిన తెల్లవారుజామున, పూర్తి ఆరాధనము కుదురదు. కుదురలేదు గదా యని మొత్తము విడుచువాడు ఒక తప్పు, రోగిని విడిచి గంటసేపు పూజలో కూర్చుండువాడు మఱియొక తప్పు చేయుచున్నారు. ఒక ఉద్ధరిణె తీర్థము, ఒక తులసీదళము, ఒక నామము అట్టి దినమునకు చాలును. అయితే రాజు త్రాగిన నీటికి విలువనిచ్చినది ఏడాదిపొడుగునా జరిపిన వ్రతము. ప్రతిదినమును నీటితో సరిపెట్టువాడు అంబరీషుని ఉదాహరణము చూపుకొనుట తగదు.

కథ అంతటితో నిలువలేదు. తిరిగివచ్చిన దుర్వాసుడు జరిగినది గ్రహించి మండిపడి, జడ నొకదానిని పెఱికి కృత్యను సృజించెను. కత్తితో మీదికి వచ్చుచున్న కృత్యను చూచియు రాజు నిలిచినచోటినుండి కదలలేదు. తాను చేసినది సరియేయని వాదింపలేదు, అతిథిని నిందింపలేదు. సుదర్శనము కృత్యను దహించి ఋషిని వెంబడించెను. అతడు బ్రహ్మలోకమునకు, కైలాసమునకు, తుదకు వైకుంఠమునకు పరుగిడెను. భక్తులకు నేను పరాధీనుడను, ఆ రాజునే ఆశ్రయింపుమని శ్రీహరి పంపివేసెను. ఇట్లొక సంవత్సరము గడచెను. ఆ సంవత్సరమంతయు అంబరీషుడు అతిథి రాకకై ఎదురుచూచుచు జలాహారుడై యుండెను. లోకములన్నియు తిరిగినవాడు స్థిమితము కోల్పోయెను, ఒక్కచోట నిలిచినవాడు దానిని కాపాడుకొనెను.

దుర్వాసుడు వచ్చి పాదములపై బడగా రాజు సిగ్గుపడి, సుదర్శనమును స్తుతించి శాంతింపజేసెను. తనపై కత్తి నెత్తించినవానిని ఒక్కమాటయైన అనలేదు. పాదములు పట్టి ప్రార్థించి, ఏడాదినుండి ఎదురుచూచిన భోజనమును వడ్డించెను. దుర్వాసుడు తృప్తిగా భుజించి, రాజా, ఇక నీవును భుజింపుమని ఆదరముతో పలికి, సెలవు తీసికొని వెడలిపోయెను. అతడు వెళ్లిన పిమ్మట, విప్రుడు భుజింపగా మిగిలిన పవిత్రాన్నముతో అంబరీషుడు తన పారణ చేసెను.