భద్రాద్రి దారిలో భోజనం

భద్రాచలంలో హోటల్ భోజనం యాత్రికుల రద్దీని బట్టి ఉంటుంది. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి జనం కిక్కిరిసిపోతారు. అప్పుడు వంటకూ వడ్డనకూ తీరిక ఉండదు. మామూలు రోజుల్లో అదే పప్పు, అదే సాంబారు నిదానంగా, వేడివేడిగా విస్తట్లోకి వస్తాయి. చేతిలో డబ్బు లేనివారికి రామాలయ దేవస్థానం నిత్యాన్నదానం ఉంది. ఆకలిగొన్న మనిషికి అంతకన్నా గౌరవమైన పంక్తి దొరకదు.

రైల్లో వచ్చేవారు ముందు కొత్తగూడెంలో దిగుతారు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది అక్కడే. రామాలయం ఇంకా సుమారు 40 కిలోమీటర్లు. కొత్తగూడెం సింగరేణి బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. అక్కడ కార్మికులు, గుమాస్తాలు, ఆటో డ్రైవర్లు రోజూ తినే చోటును నమ్మవచ్చు. ఒక్కసారి వచ్చిపోయే యాత్రికుణ్ని పోగొట్టుకున్నా హోటల్ నడుస్తుంది గానీ, రోజూ వచ్చేవాణ్ని పోగొట్టుకుంటే నడవదు. గోడమీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉందో లేదో చూడాలి. ఫుల్ మీల్స్ ధరలో మారు వడ్డన కలిసి ఉందో లేదో కూర్చునే ముందే అడగాలి.

హోటళ్లు కాకుండా ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లలోనూ తినవచ్చు. 2024లో తెలంగాణలో మొదలైన వీటిని మహిళా సంఘాలే నడుపుతున్నాయి. కలెక్టరేట్ల వంటి చోట్ల ఇవి ఉంటాయి.

భద్రాచలం దాటగానే వచ్చే ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అక్కడి నుంచి చింతూరు మీదుగా అడవిదారిన మారేడుమిల్లి చేరితే బొంగు చికెన్ దొరుకుతుంది. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురుబొంగులో కూరి, నిప్పుల మీద కాలుస్తారు. తూకం, ధర ముందే మాట్లాడుకోవాలి.